బిస్బీ మైనింగ్ మ్యూజియం: బొగ్గుబాయిలో పనిచేసినవాడు చూస్తే

అరిజోనాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకు చూపించే చోట్లు దాదాపు అందరివీ ఒకటే. గ్రాండ్ కాన్యన్, సెడోనా, ఒక గుడి, తర్వాత అవుట్‌లెట్ మాల్. ఆ లిస్టులో బిస్బీ ఉండదు. మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో, కొండల సందులో ఇరుక్కున్న పాత రాగి గనుల ఊరు అది. మా అబ్బాయికి కూడా తెలియదు. "నాన్నా, అక్కడ ఏదో మైన్ మ్యూజియం ఉందట, మీకు నచ్చుతుందేమో" అని వాడి ఆఫీసులో ఒక కొలీగ్ చెబితే బయల్దేరాం.

నా సంగతి ఒక్క మాటలో చెబుతాను, ఈ రివ్యూ ఏ కంటితో రాశానో మీకు తెలియాలి కదా. నేను సింగరేణిలో, కొత్తగూడెం ఏరియాలో, ఓవర్‌మన్‌గా, అంటే బాయి లోపల షిఫ్టు పనినీ భద్రతనూ చూసుకునే సూపర్‌వైజరుగా, రిటైరైనవాణ్ణి. మా నాన్న కోల్ ఫిల్లర్, తవ్విన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే కార్మికుడు. మాకు మ్యూజియం అంటే రాజుల కత్తులు, విరిగిన విగ్రహాలు. ల్యాంప్ రూమూ, హెల్మెట్టూ, పేస్లిప్పూ అద్దాల వెనక పెట్టి చూపిస్తారని ఎప్పుడూ అనుకోలేదు. ఇక్కడ చూశాను. ముందే నా తీర్పు చెప్పేస్తున్నా: గనితో ఏ మాత్రం సంబంధం ఉన్న కుటుంబమైనా అరిజోనా వస్తే గ్రాండ్ కాన్యన్ కంటే ముందు ఇక్కడికి వెళ్లాలి. సంబంధం లేనివాళ్లు కూడా వెళ్లొచ్చు, కాకపోతే ఆ ఊరి కథ వినే ఓపిక ఉండాలి.

దారి సంగతి. ఫీనిక్స్ వైపు నుంచి మూడున్నర గంటలు పడుతుంది. టూసాన్ దాటి, బెన్సన్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి 80వ నంబరు హైవే పట్టుకోవాలి. మధ్యలో టూంబ్‌స్టోన్ వస్తుంది, కౌబాయ్ వేషాల్లో తుపాకీ ఆటలు ఆడే ఊరు. మనవడు అక్కడే దిగుదామని గొడవ చేశాడు. వచ్చేటప్పుడు చూద్దామని సర్దిచెప్పి ముందుకు పోయాం. తర్వాత మ్యూల్ పాస్ అనే టన్నెల్ వస్తుంది. అది దాటగానే ఎడారి పోయి, లోయలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఇళ్లు కనిపిస్తాయి. అయిదు వేల అడుగులకు పైన ఎత్తు కాబట్టి ఫీనిక్స్ ఎండ అక్కడ ఉండదు. ఎండాకాలంలో వచ్చే పెద్దవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

మ్యూజియం ఊరి నడిమధ్యలోనే, కాపర్ క్వీన్ ప్లాజాలో ఉంది. ఎర్ర ఇటుకల భవనం, 1897లో కట్టింది. ఇది మామూలు భవనం కాదు, కాపర్ క్వీన్ కంపెనీ జనరల్ ఆఫీసు. మన భాషలో చెప్పాలంటే జీఎం (జనరల్ మేనేజర్) ఆఫీసు. బాయిలో పనిచేసిన ఎవరికైనా జీఎం ఆఫీసు మెట్లు ఎక్కడమంటే ఏంటో తెలుసు: ట్రాన్స్‌ఫర్ కోసమో, చార్జిషీటుకు జవాబు ఇవ్వడానికో, డిపెండెంట్ ఉద్యోగం ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికో తప్ప వెళ్లం. అలాంటి ఆఫీసులో టికెట్టు కొనుక్కుని, చేతులు వెనక కట్టుకుని, గది గదీ తిరగడం నాకు భలేగా అనిపించింది. చెక్క పనితనం, ఎత్తైన కిటికీలు చూస్తే న్యూయార్కులో కూర్చున్న యజమానుల డబ్బు ఎలాంటిదో అర్థమవుతుంది. ఆ యజమానులు ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీవాళ్లు. ఈ భవనాన్ని అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక కట్టడాల్లో చేర్చింది. స్మిత్‌సోనియన్ సంస్థతో అనుబంధం ఉన్న మ్యూజియం కూడా. అందుకే చిన్న ఊళ్లో ఉన్నా, సరుకు పేర్చిన తీరులో చిన్నతనం లేదు.

కింది అంతస్తులో ఊరు ఎలా పుట్టిందో చెబుతారు. 1877లో సైన్యానికి దారి చూపే జాక్ డన్ అనేవాడు ఈ కొండల్లో ఖనిజం జాడ చూశాడు. తనకు సైన్యం పని ఉంది కాబట్టి జార్జ్ వారెన్ అనే గని వెతుకులాట మనిషికి ఖర్చులిచ్చి, మా పేరు కూడా రాయించు అని పంపాడు. వారెన్ ఏం చేశాడు? డన్ పేరు ఎగ్గొట్టి క్లెయిములు, అంటే తవ్వుకునే హక్కులు, రాయించుకున్నాడు. ఆ తర్వాత ఆయన కథ ఇంకా విచిత్రం. తాగిన మత్తులో గుర్రం మీద మనిషితో పరుగు పందెం వేశాడు, తాను కాలినడకన! పందెంలో కాపర్ క్వీన్ గనిలో తన వాటా పెట్టాడు, ఓడిపోయాడు. ఆ వాటా తర్వాత కోట్లు పలికింది, ఆయన మాత్రం చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. అరిజోనా రాష్ట్ర ముద్రలో పలుగూ పారా పట్టుకుని నిలబడ్డ మైనర్ బొమ్మ ఉంటుంది కదా, దానికి ఆధారం ఈ వారెన్ ఫొటోయే. మా ఆవిడ ఇదంతా విని, "ఊరికి మాత్రం ఆయన పేరు పెట్టలేదేంటండీ?" అంది. ఊరి పేరు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న డెవిట్ బిస్బీ అనే పెట్టుబడిదారుది, ఆయన ఈ ఊరికి ఒక్కసారి కూడా రాలేదు. వారెన్ పేరు పక్కనున్న చిన్న పేటకి పెట్టారు.

ఇక్కడ నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఇల్లందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు కనిపెట్టింది 1871లో. తవ్వకం మొదలైంది 1889లో. అంటే ఇల్లందూ, బిస్బీ దాదాపు ఒకే ఈడు ఊళ్లు. అక్కడ నిజాం రాజ్యం, లండన్‌లో షేర్లు అమ్మిన కంపెనీ. ఇక్కడ ఎడారి, న్యూయార్క్ కంపెనీ. రెండు చోట్లా కింద దిగినవాడు ఒకడు, లెక్కలు రాసుకున్నవాడు మరొకడు.

బొగ్గుబాయి మనిషిని అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టేసింది కొవ్వొత్తి. అవును, కొవ్వొత్తే. ఇనుప చువ్వకు గుండ్రటి పట్టు పెట్టి, అందులో కొవ్వొత్తి గుచ్చి, చువ్వ కొసని దుంగకో రాతి పగులుకో దిగ్గొట్టేవారు. ఆ వెలుగులో పని. నా సర్వీసంతా బాయి మొగదలలో జేబులు తడిమి అగ్గిపుల్ల, బీడీ ముక్క దొరుకుతుందేమో అని చూసినవాణ్ణి. అగ్గిపెట్టెతో దిగినవాడికి చార్జిషీటు ఖాయం. అలాంటి నాకు భూగర్భంలో వెలిగించిన కొవ్వొత్తి చూస్తే ఒళ్లు జలదరించింది. మనవడికి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది: బొగ్గు పొరల్లో మీథేన్ గ్యాస్ ఉంటుంది, గాలిలో అది ఒక మోతాదుకు చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. రాగి గట్టి రాయిలో ఉంటుంది, అక్కడ ఆ గ్యాస్ బెడద లేదు. అందుకే వీళ్లు కొవ్వొత్తి తర్వాత కార్బైడ్ దీపానికి మారారు, అది కూడా మంటే. కార్బైడ్ ముక్కల మీద నీళ్లు చుక్క చుక్కగా పడితే ఎసిటిలీన్ గ్యాస్ వస్తుంది, అది వెలుగుతుంది. మన ఊళ్లలో ఒకప్పుడు రాత్రి బజారులో తోపుడు బండ్ల మీద అదే దీపం ఉండేది. ఆ తర్వాతే కరెంటు క్యాప్ ల్యాంపు. ఆ దీపాలన్నీ వరుసగా చూస్తే గని చరిత్ర సగం తెలిసిపోతుంది.

గ్యాస్ లేకపోతే ప్రాణభయం లేదా అంటే, దుమ్ము ఉంది. రాతిలో ఎండు డ్రిల్లు వేస్తే లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. ఆ డ్రిల్లుకు ఇక్కడి గనివాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం, ఆడవాళ్లను విధవల్ని చేసేది అని. తర్వాత నీళ్లతో నడిచే డ్రిల్లులు వచ్చాయి. ఈ దగ్గు, ఆయాసం గురించి నేను మ్యూజియంలో ఇంకా ఎక్కువ చదవాలనుకున్నాను. మా నాన్న చివరి రోజుల్లో మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. అందుకని అనుకుంటా, ఏ గని మ్యూజియంలోనైనా నా కళ్లు ముందు దాన్నే వెతుకుతాయి.

ఇక అసలు గది గురించి. 1917 జూలై 12 సంగతి.

అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం. అమెరికా ఆ ఏప్రిల్‌లోనే యుద్ధంలో దిగింది, తుపాకీ గుండ్లకు రాగి కావాలి, రాగి ధర మండిపోతోంది, కంపెనీ లాభాలు పెరుగుతున్నాయి. జూన్ నెలాఖరులో ఐడబ్ల్యూడబ్ల్యూ అనే యూనియన్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. డిమాండ్లు చదివి నేను అక్కడే ఆగిపోయాను. షిఫ్టు నడుస్తుండగా, మనుషులు లోపల ఉండగా బ్లాస్టింగ్ చేయొద్దు. డ్రిల్లు మిషన్ మీద ఒకడు కాదు, ఇద్దరు ఉండాలి. షిఫ్టుకు 6 డాలర్లు ఇవ్వాలి, రాగి ధరను బట్టి కూలి పెంచడం తగ్గించడం వద్దు. ఇందులో జీతం ఒక్కటి పక్కన పెడితే మిగతావి సేఫ్టీ కమిటీ మీటింగులో మేం రాయించిన పాయింట్లలాగే ఉన్నాయి. ఇవి అడిగినందుకు ఏం జరిగిందో చూడండి.

జూలై 12 తెల్లవారుజామున షెరిఫ్ హ్యారీ వీలర్ రెండు వేల మందిదాకా పౌరుల్ని తాత్కాలిక పోలీసుల్ని చేశాడు. గుర్తుగా చేతికి తెల్ల గుడ్డ, భుజాన తుపాకీ. ఇల్లిల్లూ తిరిగి సమ్మె చేసినవాళ్లను, వాళ్లకు సాయం చేశారనుకున్నవాళ్లను, కొందరు దుకాణదారుల్ని కూడా బయటికి లాగారు. పట్టుకున్నవాళ్లను వారెన్ బేస్‌బాల్ మైదానానికి నడిపించారు. పనిలోకి వస్తానన్నవాణ్ణి వదిలేశారు. రానన్నవాళ్లు దాదాపు 1,200 మంది. వాళ్లను పశువుల్ని తోలే రైలు పెట్టెల్లో ఎక్కించి, ఎండాకాలం ఎడారిలో, తిండి లేకుండా, చాలీచాలని నీళ్లతో న్యూమెక్సికోలోని హెర్మనాస్ అనే చోట దింపేశారు. ప్రయాణం దాదాపు 16 గంటలు. ఆ పొద్దున ఇద్దరు చనిపోయారు, ఒకడు సమ్మె పక్షం, ఒకడు పట్టుకోవడానికి వచ్చినవాడు. ఊరి టెలిఫోను, టెలిగ్రాఫు ముందే అదుపులోకి తీసుకున్నారు, బయటికి కబురు పోకుండా. తిరిగి రావాలని చూసినవాణ్ణి ఊరి పొలిమేరలోనే ఆపేశారు.

అధ్యక్షుడు విల్సన్ వేసిన కమిషన్ ఇది చట్టవిరుద్ధం అని తేల్చింది. అయినా ఒక్కడికి కూడా శిక్ష పడలేదు. వెళ్లగొట్టినవాళ్లలో మెక్సికో వాళ్లు చాలామంది, తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఈ ఊరు మొదటి నుంచీ తెల్లవాళ్ల గని ఊరు అనిపించుకుంది. చైనా వాళ్లు పగలు వచ్చి కూరగాయలు అమ్ముకోవచ్చు, పొద్దుగూకేలోగా ఊరు దాటిపోవాలి. మెక్సికో వాళ్లకు మంచి కూలి వచ్చే లోపలి పనులు ఇచ్చేవారు కాదు. ఇవన్నీ తెలిస్తే ఆ రోజు ఎవరిని బండెక్కించారో కొత్తగా చెప్పక్కర్లేదు.

నన్ను ఆకట్టుకున్నది ఏంటంటే, ఈ కథ చెబుతున్నది ఆ కంపెనీ జనరల్ ఆఫీసు భవనంలోనే. ఎవరు ఆ పని చేయించారో వాళ్ల కప్పు కిందే దాన్ని గోడకెక్కించారు. ఊళ్లో ఇప్పటికీ తాత తెల్ల గుడ్డ కట్టుకున్న కుటుంబాలూ, తాత పెట్టెలో ఎక్కిన కుటుంబాలూ ఉంటాయి కదా. అలాంటి చోట ఈ గది పెట్టడానికి ధైర్యం కావాలి. మనకు కూడా సమ్మెలు తెలుసు. 2011 సకల జనుల సమ్మెలో బాయిలన్నీ నెలకు పైగా ఆగినప్పుడు ఇంట్లో ఉప్పూ పప్పూ లెక్క చూసుకున్న ఇల్లు మాది. ఆ రోజులు గుర్తొచ్చి మా ఆవిడ ఒక ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. తుపాకీలు పట్టుకున్నవాళ్ల మధ్య పొడవాటి వరుసలో నడుస్తున్న మగవాళ్ల ఫొటో అది. "వీళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఆ రాత్రి ఏం వండుంటారు?" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే గది ఒకటి ఉంటే ఈ మ్యూజియానికి నేను అయిదుకు ఆరు మార్కులు ఇచ్చేవాణ్ణి.

పై అంతస్తు ఖనిజాలది. నీలి అజురైటు, పచ్చని మలకైటు, ఎర్రటి క్యూప్రైటు. పెద్ద పెద్ద ముక్కలు, లైట్లు వేసి పెట్టారు. అందం సంగతి చెప్పక్కర్లేదు, నెమలి మెడ రంగే. ఫొటోలు తీసుకునేవాళ్లకు పండగ. బిస్బీ నీలం అని పేరు పడ్డ టర్కాయిస్ రాయి కూడా ఈ గనులదే. రాగి కోసం తవ్వుతుంటే పక్కన దొరికింది. ఊళ్లో నగల దుకాణాల్లో ఇప్పటికీ అమ్ముతారు, ధర అడిగి వచ్చేశాం. నాకు మాత్రం ఆ అంతస్తులో రాళ్లకంటే దుంగల అమరిక మీద ఎక్కువ ఆసక్తి. ఖనిజం తీసేశాక మిగిలే పెద్ద ఖాళీని చతురస్రపు గళ్లలా దుంగలు పేర్చి నిలబెట్టేవారు. మన దగ్గర బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గునే స్తంభాలుగా వదిలి పైకప్పును మోయిస్తాం, దుంగలు, చాక్‌లు (అడ్డదిడ్డంగా పేర్చిన దుంగల దొంతరలు) తోడుగా ఉంటాయి. ఇక్కడ ఖనిజం పొరలా సాపుగా ఉండదు. ఎటు పడితే అటు పాకి ఉంటుంది, దాని వెంట మనిషి పాకాలి. అందుకే ఊరి కింద సొరంగాలు మొత్తం కలిపితే రెండు వేల మైళ్లు దాటతాయని చెబుతారు. గుడివాడ నుంచి గౌహతి దాకా సొరంగం తవ్వితే ఎంతో అంతకంటే ఎక్కువే, అదీ ఒక్క ఊరి కొండల కింద.

ఈ మ్యూజియం ఒక్కటే చూసి వెనక్కి రావద్దు. హైవేకి అవతలి వైపు కాపర్ క్వీన్ గని టూర్ ఉంది, దాన్ని ఊరి మున్సిపాలిటీ నడుపుతుంది. దాని టికెట్టు వేరు. రెండూ కలిపితేనే కథ పూర్తవుతుంది. శని ఆదివారాల్లో ముందే బుక్ చేసుకోవాలి. మరీ చిన్న పిల్లల్ని లోపలికి రానివ్వరు, బుక్ చేసే ముందే వయసు అడిగి తెలుసుకోండి.

గని 1975లో మూతపడింది. ఉద్యోగాలు పోయి ఊరు ఖాళీ అవుతుంటే, మూసిన సొరంగాన్ని టూరిస్టులకు తెరుద్దామని అప్పటి మేయర్ ఆలోచన చేశాడు. ఊరివాళ్లే స్వచ్ఛందంగా వచ్చి కూలిన రాళ్లు ఎత్తిపోసి 1976లో తెరిచారు. మొదట్లో గైడ్లంతా ఆ గనిలోనే పనిచేసి ఇంటికి వచ్చినవాళ్లు. ఇది నాకు బాగా నచ్చింది.

పసుపు కోటు, హెల్మెట్టు, బ్యాటరీ ల్యాంపు ఇస్తారు, చేతికి ఒక ఇత్తడి బిళ్ల ఇస్తారు. బయటికి వచ్చాక ఆ బిళ్ల తిరిగి ఇవ్వాలి. లోపల ఎవరు మిగిలారో బిళ్లల లెక్కతోనే తెలిసేది. మన మస్టర్ (హాజరు) లెక్కే. నేను కోటు తొడుక్కుని బెల్టుకు ల్యాంపు తగిలించుకుంటుంటే చెయ్యి దానంతట అదే స్విచ్ వెతికింది. అబ్బాయి నవ్వాడు. చిన్న రైలు, దాని మీద గుర్రం ఎక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదొక్కటే ఇబ్బంది. చీర కట్టుకుని వెళ్లకండి, మా ఆవిడ చుడీదార్లో వచ్చింది కాబట్టి సరిపోయింది. దాదాపు 1,500 అడుగులు లోపలికి తీసుకెళతారు. లోపల చలి, 47 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 8 డిగ్రీలు. ఇది నేను ఊహించలేదు. మా బాయిల్లో లోపలికి వెళ్లేకొద్దీ ఉక్క, బనియన్ పిండితే చెమట కారేది. ఇక్కడ స్వెట్టర్ మర్చిపోతే వణుకే.

గైడు డ్రిల్లు వేసే చోట ఆపి, రాతి ముఖం మీద రంధ్రాలు ఏ వరుసలో వేస్తారో, ఏది ముందు పేలాలో, ఏది తర్వాతో వివరించాడు. మధ్యవి ముందు పేలి ఖాళీ చేస్తే, పక్కవి ఆ ఖాళీలోకి రాయిని తోస్తాయి, చివరగా కిందవి. ఆ వరుస తప్పితే రాయి కదలదు, మందు వృథా. అబ్బాయి ఇంగ్లీషులో విని నాకు చెప్పబోయాడు. "ఒరేయ్, ఇది నాకు చెబుతున్నావా" అన్నాను. గైడుకు నేను బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌నని అబ్బాయి చెబితే, ఆయన మిగతా టూర్ అంతా ప్రతి విషయం చెప్పాక నా వైపు ఒకసారి చూసి, నేను తల ఊపితేనే ముందుకు కదిలాడు.

కంచర గాడిదల కథ కూడా ఆయనే చెప్పాడు. ఖనిజం బండ్లు లాగడానికి ఒకప్పుడు ఈ గాడిదలే. వెనక ఎన్ని బండ్లు తగిలించారో కొక్కేల చప్పుడు విని లెక్కపెట్టుకునేవట. అలవాటైన లెక్క కంటే ఒక్కటి ఎక్కువైతే కాలు కదపవట. నిజమెంతో గానీ, కార్మికులు ఆ కథని ఎందుకు చెప్పుకునేవాళ్లో నాకు తెలుసు. మనవడికి మాత్రం అన్నిటికంటే నచ్చింది పట్టాల మీద నడిచే కక్కూసు బండి. రెండు సీట్లు పక్కపక్కనే, గదీ లేదు, తలుపూ లేదు. "తాతయ్యా, మీకు కూడా ఇదే ఉండేదా?" అని ఫోన్లో వాళ్ల అత్తయ్యకు వినిపించేలా అడిగాడు. జవాబు నేను చెప్పలేదు, మీకూ చెప్పను.

బయటికి వచ్చాక హైవే పక్కనే లావెండర్ పిట్ ఉంది, తీగల కంచె వెనక నుంచి చూడొచ్చు. 1950లలో మొదలై 1974 దాకా నడిచిన ఓపెన్ కాస్ట్, అంటే సొరంగం లేకుండా పైనుంచే తవ్వుకుపోయే గని. లోతు 900 అడుగులు. గోడలు ఎరుపు, గులాబీ, ఊదా చారలతో ఉంటాయి. దాని కోసం ఒక పేట పేటే పోయింది, ఇళ్లు ఎత్తుకుపోయి వేరే చోట పెట్టుకున్నారు. మా వైపు ఓసీలు (ఓపెన్ కాస్ట్‌లు) వచ్చాక ఊళ్లు ఎలా పోయాయో చూసినవాణ్ణి కాబట్టి, అక్కడ అయిదు నిమిషాలు చాలనిపించింది. ఫొటో తీసుకుని వచ్చేశాం.

ఇప్పుడు ఊళ్లో జనం దాదాపు అయిదు వేలు. ఒకప్పుడు అంతకు నాలుగు రెట్లు. మైనర్ల ఇళ్లలో ఇప్పుడు బొమ్మలు వేసేవాళ్లు, రిటైరైనవాళ్లు, కాఫీ దుకాణాలవాళ్లు ఉంటున్నారు. ఇళ్ల మధ్య సిమెంటు మెట్లు కొండ మీదికి పాకుతూ ఉంటాయి, ఎక్కాలన్న ఉత్సాహం కుర్రవాళ్లకు వదిలేయండి. ఒక కాఫీ దుకాణంలో కప్పు టీకి వాళ్లు తీసుకున్న డబ్బుతో మా కొత్తగూడెం రుద్రంపూర్‌లో ఒక వారం టీ తాగొచ్చు, అదీ గోరువెచ్చని నీళ్లలో ముంచుకునే సంచీ.

తిండి గురించి పెద్దవాళ్లున్న కుటుంబాలకు ఒక మాట. మాంసం తినేవాళ్లకు ఇబ్బంది లేదు. శాకాహారులైతే మెక్సికన్ హోటల్లో బీన్స్ బురిటో అడగండి. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని తప్పక అడిగి, వేయకపోతేనే తీసుకోండి. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో తెచ్చింది కాబట్టి మాకు బెంగ లేకపోయింది.

వరుస ఇలా పెట్టుకోండి. పొద్దున పదింటికి మ్యూజియం తెరుస్తారు, ముందు అది, ఒకటిన్నర గంటలు పడుతుంది. పెద్దవాళ్లకు టికెట్టులో తగ్గింపు ఉంది, అడగండి. మధ్యాహ్నం తిని, గని టూర్. గని ముందు చూస్తే మ్యూజియంలో ఓపిక ఉండదు. మ్యూజియం సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. సమ్మె గది దగ్గర పిల్లల్ని తొందరపెట్టనివ్వకండి, కూర్చోబెట్టి చదివి చెప్పండి.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. సరిహద్దు దగ్గర కాబట్టి తిరిగి వచ్చే దారిలో, టూంబ్‌స్టోన్ దాటాక, 80వ హైవే మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు పాస్‌పోర్టు, ఐ-94 కాగితం కారులోనే ఉంచుకోండి. ఇంట్లో భద్రంగా బీరువాలో పెట్టి వస్తే అక్కడ పిల్లలకు టెన్షన్. మాకు రెండు ప్రశ్నలు అడిగి పంపేశారు. టూంబ్‌స్టోన్‌లో తుపాకీ ఆట మాత్రం మేం వచ్చేసరికి అయిపోయింది. మనవడు ఫీనిక్స్ చేరేదాకా నాతో మాట్లాడలేదు.